కొర్రీల గుమాస్తా, ఎర్రనీళ్ళ అర్జీ

గనుల ఆఫీసులో అర్జీలు పుచ్చుకునే గుమాస్తాకి ఒకటే జబ్బు. ఏ కాగితమిచ్చినా దానికో కొర్రీ వేసి, అంటే ఏదో ఒక అడ్డుపుల్ల పెట్టి, వెనక్కి తిప్పందే ఆయనకి నిద్ర పట్టదు. తేదీ రాస్తే వారం ఏదంటాడు. వారం కూడా రాస్తే సంతకం గీత దాటిందంటాడు. సొంత కూతురి పెళ్ళి శుభలేఖ అచ్చుకి వెళ్ళకముందే మూడు కొర్రీలు వేసి వియ్యంకుడికి తిప్పి పంపాడనీ, రెండో కొర్రీకి జవాబు వచ్చేలోపే పెళ్ళి అయిపోయిందనీ ఆఫీసులో చెప్పుకుంటారు. అందుకే అందరికీ ఆయన కొర్రీల గుమాస్తా. అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఎక్కడా మిగల్లేదు.

టైలరమ్మ ఈయన పాలబడి మూడేళ్ళయింది. ఆమె ఊరు సరిగ్గా గని కిందనే ఉంది. గనివాళ్ళు గుంతలో ఊరే నీళ్ళని తోడి వాగులోకి వదలడం మొదలుపెట్టాక వీధి బావి ఎర్రబడింది. కుట్టేముందు తడిపిన తెల్ల గుడ్డ ఆరేసరికి తుప్పురంగు తేలేది. బేరాలు పోయాయి, అది సరే. డెబ్బై దాటిన అత్తగారు బిందె చంకనెత్తుకుని మంచినీళ్ళ కోసం మైలున్నర నడవడం టైలరమ్మ చూడలేకపోయింది. ఆమె అడిగింది ఎక్కువేం కాదు. ఆ నీళ్ళు వాగులోకి వదలడం ఆపించాలి, బావి బాగయ్యేదాకా ఊరికి ట్యాంకరు పంపాలి.

మొదటిసారి అర్జీ ఇచ్చినప్పుడు గుమాస్తా దాని మీద ముద్ర గుద్ది, నంబరు వేసి, కళ్ళజోడు సవరించుకుని, బావి లోతు రాయలేదన్నాడు. టైలరమ్మ రెండు గంటల బస్సు ప్రయాణం చేసి ఇంటికి పోయి, తాడుకి రాయి కట్టి బావిలోకి వదిలి, ఆ తాడుని తన కుట్టుపని టేపుతో కొలిచింది. మళ్ళీ రెండు గంటల బస్సు.

"బావిని అంగుళాల్లో కొలిచావేమిటమ్మా? చొక్కా కుడతావా దానికి? మీటర్లలో రాసుకురా" అన్నాడాయన.

మీటర్లయ్యాక ఎరుపు మీద పడ్డాడు. నీళ్ళు ఎర్రగా ఉన్నాయంటే ఏ ఎరుపని అడిగాడు. ఒళ్ళు మండిన టైలరమ్మ కొట్లో ఉన్న గుడ్డముక్కలన్నీ సంచిలో పోసుకుని, బావి నీళ్ళతో సరిపోయిన ముక్కని ఏరి తెచ్చి బల్ల మీద కొట్టింది. ఆయన ఎంతో శ్రద్ధగా ఆ ముక్కని అర్జీకి గుచ్చి, ఇది ఎండాకాలపు ఎరుపు, మరి వానాకాలపు ఎరుపేదన్నాడు. తర్వాత నెలకో సీసా నీళ్ళన్నాడు. సీసా వచ్చాక మూత మీద తేదీ అన్నాడు, తేదీ వేశాక ఇద్దరు సాక్షుల సంతకాలన్నాడు. ఆ సీసాలతో ఆయన బీరువా నిండిపోయింది. ఒకసారి అటెండరు టీ అనుకుని ఒకటి ఎత్తబోతే, ప్రభుత్వ సాక్ష్యాన్ని తాగబోయినందుకు సంజాయిషీ రాయించుకున్నాడు.

ఆ లెక్కన పక్క ఊరివాళ్ళు అదృష్టవంతులు. వాళ్ళ అర్జీ పక్క బల్ల గుమాస్తా దగ్గర పడింది. ఆయన నవ్వుతూ తీసుకున్నాడు, ఒక్క ప్రశ్న వేయలేదు. అది చూసి టైలరమ్మ ఊరుకోలేదు. వచ్చిన ప్రతిసారీ వరండాలో నిలబడి గుమాస్తాని ఉతికి ఆరేసేది. ఈయన చేతికి కాగితమిచ్చేకంటే బావిలో పారేస్తే నయమనీ, కనీసం తడుస్తుందనీ అరిచేది. ఆఫీసు పెద్దసారు తన గది తలుపు సందులోంచి అదంతా వింటూ ముసిముసిగా నవ్వుకునేవాడు. టైలరమ్మ అలిసిపోయి మళ్ళీ బస్సెక్కేది.

మూడో ఏడు, గనుల మీద వచ్చిన ఫిర్యాదులేమయ్యాయో చూడమని కోర్టు విచారణ సంఘాన్ని వేసింది. ఆఫీసు హాల్లోనే కూర్చున్నారు, ఊళ్ళవాళ్ళనీ పిలిచారు. అధ్యక్షురాలు పెద్దావిడ, ఇలాంటి హాళ్ళు ఎన్నో చూసి విసిగిన మొహం. వచ్చిన అర్జీలన్నీ నెల తిరక్కుండా పరిష్కరించామని పెద్దసారు ధీమాగా చెప్పాడు. ఆవిడ తిరగేసి చూస్తే అన్నిటి మీదా ఒకటే మాట, పరిశీలించి ముగించడమైనది. పక్క ఊరి అర్జీ తొమ్మిదో రోజునే ముగిసిపోయింది. ఆ ఊరికి వెళ్ళి చూసిన నాథుడు లేడు. ఒకసారి ముగించిన ఫిర్యాదుని ఐదేళ్ళదాకా మళ్ళీ తెరవడానికి రూలు ఒప్పుకోదట.

"ముగించనివి ఏమన్నా ఉన్నాయా?" అని అడిగిందావిడ నీరసంగా.

పెద్దసారు లేవన్నాడు. వెనక వరసలో కొర్రీల గుమాస్తా దగ్గి లేచాడు.

"పదకొండు ఉన్నాయండి. కొర్రీలకి జవాబు రావాలి. జవాబు రాని అర్జీని ముగించకూడదని రూలండి."

అన్నిటికంటే పాతది టైలరమ్మది. బావి లోతు మీటర్లలో, ఋతువుకో ఎరుపు గుడ్డముక్క, నెలకో సీసా, మూత మూతకీ తేదీ, సంతకాలు. అధ్యక్షురాలు గంటసేపు తలెత్తకుండా చదివింది. ఇంత పకడ్బందీగా ఉన్న అర్జీకి ఇంకా కొర్రీ ఏముందని అడిగింది. అర్జీదారు ఇంటి గుమ్మం ఏ దిక్కుకో రాయలేదని గుమాస్తా వినయంగా చెప్పాడు. హాలంతా నవ్వింది. టైలరమ్మ నవ్వలేదు. ఆమెకి అప్పుడే అంతా అర్థమైంది.

వారంలో గని పంపులు ఆగాయి, ఊళ్ళోకి ట్యాంకరు వచ్చింది. చాదస్తపు ముసలాయన తన కొంప ముంచాడని పెద్దసారు తల బాదుకున్నాడు. ఆయనకి అందులో చాదస్తం తప్ప మరేమీ కనబడలేదు.

టైలరమ్మ మళ్ళీ బస్సెక్కి ఆఫీసుకి వచ్చింది.

"ముందే ఓ మాట చెప్తే మీ సొమ్మేం పోయేది బాబాయ్ గారూ? మూడేళ్ళు నోటికొచ్చినట్టు తిట్టాను మిమ్మల్ని."

"చెప్తే తిట్టేదానివా? నువ్వు తిట్టబట్టేనమ్మా పెద్దసారు నన్ను ఈ సీట్లో ఉంచాడు. జనాన్ని నేను బాగా ఏడిపిస్తున్నానని ఆయనకి గట్టి నమ్మకం."

మిగతా పది ఊళ్ళ సంగతేమిటని ఆమె అడిగింది. సంఘం వచ్చే నెల మళ్ళీ కూర్చుంటుందట. అప్పటిదాకా గుమాస్తాని ఈ సీట్లోంచి పెద్దసారు కదిలించకపోతే చాలట. కానీ ఆ పది ఊళ్ళవాళ్ళూ మరీ మెతకమనుషులు, ఒక్కడికీ తిట్టడం చేతకాదని గుమాస్తా దిగులుగా నిట్టూర్చాడు.

 ఆ ముసలాయన మీద టైలరమ్మకి కొండంత ప్రేమ పుట్టుకొచ్చింది. సంచి భుజాన వేసుకుని వరండాలోకి వచ్చింది. పెద్దసారు గది తలుపు ఓరగా తీసి ఉంది.

"నీ సీటు తగలెయ్య, ట్యాంకరు వచ్చాక కూడా కొర్రీయేనా? మనిషివా, గుమ్మానికి అడ్డంగా కట్టిన గేదెవా నువ్వు?" అని మొదలుపెట్టి, పావుగంటసేపు ఊపిరి తిప్పుకోకుండా తిట్టింది. మూడేళ్ళలో ఎన్నడూ అంత బాగా తిట్టలేదు.

లోపల పెద్దసారు ముసిముసిగా నవ్వుకుంటూ గంట కొట్టి అటెండరుని పిలిచి, గుమాస్తా గారికి ఓ టీ ఇమ్మన్నాడు.