బంగినపల్లి ఊరా, కాయా?

2021 జులై. కరోనా తాళాలు తీసి ఐర్లండ్‌లో మా ఇటాలియన్ హోటల్లో మళ్ళీ కుర్చీలు వేస్తున్న రోజులు. "గాల్వేలో గెరార్డ్ అని ఒకాయన తన హోటల్ మూసేస్తున్నాడు. 'మోంటెపుల్చానో ద అబ్రుజ్జో' వైన్ ఆరు సీసాలు పట్టుకురా" అంది మా ఓనరు ఐలీన్. "అబ్రుజ్జో ఇటలీలో ఒక ప్రాంతం పేరు, మోంటెపుల్చానో ద్రాక్ష పేరు. లేబుల్ మీద ఆ పేరు వేస్తే నూటికి ఎనభై ఐదు పాళ్ళు ఆ ద్రాక్షే ఉండాలని అక్కడి రూలు. సరిగ్గా చూసి తెచ్చావా, గిన్నెలు కడగడం మానిపించి టేబుళ్ళ దగ్గరికి పంపిస్తా."

ఎనిమిదో తరగతితో బడి ఎగ్గొట్టినవాడికి వైన్ పరీక్ష! మనుషుల్నే నమ్మను, సీసాల్ని నమ్ముతానా?

పొద్దున ఏడింటికి మా ఊరు బాలింకాలిగ్‌లో సిటీ బస్సు, ఎనిమిదిన్నరకి కార్క్‌లో గాల్వే బస్సు. సీటు విడిచి సీటు. దారిలో లిమరిక్ ఊరు దాటాక మాస్కు దించి పులిహోర పొట్లం విప్పానో లేదో, పక్క వరసలోంచి తెలుగు వినపడింది.

"ఇంగువ ఎక్కువైంది తమ్ముడూ."

అలా పరిచయమైంది గుంటూరు సునీతక్క. గాల్వేలో నర్సు, డ్యూటీ సాయంత్రం. నా పని విని, "సన్నక్షరాలు నేను చదివి పెడతాలే" అంది. ఊరికే సాయం చేస్తామనేవాళ్ళ మీద నాకు అనుమానం. నా పులిహోర సగం తను తిన్నాక తగ్గింది.

ఒంటిగంటకి గెరార్డ్ తలుపు కొట్టాం. మనిషి మరీ మర్యాదగా ఉన్నాడు, అక్కడే తేడా కొట్టింది. మూడు సీసాలు సరే. మిగతా మూడింటి మీద 'వీనో నోబిలే ది మోంటెపుల్చానో'. అక్క వెనక్కి తిప్పి చదివింది. "ద్రాక్ష సాంజొవేజే అంట."

"దొరికాడు! పేరొకటి, సరుకొకటి."

"నువ్వడిగినవి మూడే మిగిలాయి. బదులు ఇంకా మంచివి పెట్టాను" అన్నాడు గెరార్డ్. "అందులో మోంటెపుల్చానో ద్రాక్ష. ఇందులో మోంటెపుల్చానో ఊరు."

"చూశావా అక్కా! ఒకే పేరు ఒకచోట కాయంట, ఒకచోట ఊరంట!"

అక్క నవ్వాపుకుంది. "మీదే ఊరు?"

"నూజివీడు."

"తోటల్లో ఏం కాస్తాయి?"

"బంగినపల్లి."

"బంగినపల్లి మీ పక్కూరా?"

"ఎక్కడో కర్నూలు వైపు..." నేను పెరిగిందే ఆ 'మోసం' నీడలో!

గెరార్డ్‌కి సారీ చెప్పా. "గ్రాండ్" అన్నాడు, అంటే పర్లేదని, పెట్టెకి తాడు కడుతూ. ఆయన హోటల్లో అదే ఆఖరి పెట్టె.

తిరుగు బస్సులోంచి ఐలీన్‌కి ఫోన్ చేశా. "సాంజొవేజేనా? నిన్ను ముంచాడు!" అని ఎగిరింది. మామిడికాయ కథ చెప్పా.

"శుక్రవారం నుంచి గిన్నెలు ముట్టుకోకు. ఆ కథే టేబుళ్ళ దగ్గర చెప్పు."

మీరూ వెళ్తే లేబుల్ ముందూ వెనకా చదవండి, పులిహోర రెండు పొట్లాలు కట్టుకోండి. గాల్వే మంచివాళ్ళ ఊరే. అయినా కార్క్ వచ్చేదాకా నేను పెట్టె మీద చెయ్యి తీస్తే ఒట్టు.