ఒక వేలు సందు

అన్నగారు పెద్దమాస్టారు పోయిన మూడో రోజునే చిన్నమాస్టారు తమ రేకుపని షెడ్డు తాళం తీసి పనిలో కూర్చున్నాడు. పాపం, దుఃఖం దిగమింగుకుంటున్నాడని కొందరన్నారు. ఉంటేగా దిగమింగడానికి అన్నాడు ఎదుటి వెల్డింగ్ షాపాయన. ఆయన నోరు మంచిది కాదు గానీ ఈ ఒక్కసారికి ఆయన మాటే నిజానికి దగ్గర. యాభై రెండేళ్ళ ఆ మనిషికి మూడు నెలలుగా కంట్లోంచి చుక్క నీరు రాలేదు. వేళకి ఆకలేసేది, పడుకుంటే నిద్ర పట్టేది. తనకేమైనా జబ్బు చేసిందేమోనని ఒకరోజు అనుమానపడ్డాడు. మర్నాటికి ఆ అనుమానం మీద కూడా శ్రద్ధ పోయింది.

వదినగారి ఇల్లు షెడ్డుకి మూడు వీధుల అవతలే. అంత్యక్రియల తర్వాత ఆ గుమ్మం తొక్కలేదు. వెళితే ఆవిడ ఏడుస్తుంది, తను గోడలా నిలబడతాడు, అది ఆవిడ కళ్ళారా చూస్తుంది. ఆ భయం ఒక్కటే అతనిలో ఇంకా బతికి ఉంది. ఆవిడ ఫోన్ చేస్తే పని నెత్తిమీదుందని చెప్పేవాడు. అది మరీ అబద్ధమేం కాదు.

ఆ పని ఒక కంప్యూటర్ పెట్టె. రేకులు కోసుకుని బతికే అన్నదమ్ములకి కంప్యూటర్లతో ఏం పనంటే, కంప్యూటర్లమ్మే ఒకాయన కొత్త దుకాణం తెరుస్తూ, అద్దాల వెనక పెట్టుకోడానికి ఎక్కడా లేని పెట్టె కావాలన్నాడు. బటన్ నొక్కితే ముందు తలుపులు రెండూ చెరోపక్కకీ జరగాలట, పైమూత లేవాలట, లోపల బోర్డు బిగించిన పలక సొరుగులా బయటికి రావాలట. మళ్ళీ నొక్కితే అన్నీ సర్దుకుని, గీతైనా కనపడకుండా మూసుకోవాలట. పెద్దమాస్టారు అంతా విని, పెట్టె అడుగుతున్నావా నాటకం అడుగుతున్నావా అని నవ్వి ఒప్పుకున్నాడు.

అరవై దాటిన మనిషికి కొత్త పిచ్చి పట్టింది. మోటార్లు, పళ్ళచక్రాలు, పట్టాలు తెచ్చి బల్లంతా పరిచాడు. తలుపు చివరికొచ్చి బుల్లి స్విచ్చిని తాకగానే మోటారు ఆగిపోవాలి, అదీ కిటుకు. అలాంటి స్విచ్చీలు ఎనిమిది. రేకులన్నీ కోసి, వంచి, సగం చిల్లులు వేశాక, ఒక మధ్యాహ్నం ఆ బల్ల దగ్గరే కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.

తమ్ముడు రెండు నెలలు చిల్లర పనులతో నెట్టుకొచ్చాడు. దుకాణం తెరిచే రోజు ఖాయమయ్యాక పెట్టె మీద కప్పిన గుడ్డ తీయక తప్పలేదు. దారి చూపించడానికి అన్నగారి నోటుబుక్కు ఉంది. అందులో పొడవులన్నీ మిల్లీమీటర్లలో రాసున్నాయి, సందులు మాత్రం వేళ్ళలో. మూతకీ పట్టాకీ మధ్య ఒక వేలు. స్విచ్చికీ అంచుకీ మధ్య ఒక వేలు. వాళ్ళ నాన్న నేర్పిన పద్ధతే అది. పొడవుకి స్కేలు, సందుకి వేలు. వేలు దూరి అటూ ఇటూ కదలకుండా ఆనుకుంటే సందు కుదిరినట్టు.

చిన్నమాస్టారు తన వేలు పెట్టి కొలిచాడు, చిల్లులు వేశాడు, బిగించాడు. బటన్ నొక్కితే తలుపులు బుద్ధిగా పక్కకి జరిగాయి, మూత లేచింది. దిగేటప్పుడు మాత్రం తలుపు అంచుని కరుచుకుంది. మోటారు మూలిగి మూలిగి ఆగింది. దాన్ని సరిచేస్తే లోపలి పలక పట్టేసింది, పలకని సరిచేస్తే తలుపుల మధ్య సందు తేలింది. వారం రోజులు అదే గొడవ. సోమవారానికి కాకపోతే మామూలు పెట్టె పెట్టేసుకుంటానని దుకాణం ఆయన తేల్చి చెప్పాడు. అన్న చేసిన ఆఖరి పని తుక్కులోకి పోతుందన్నమాట. అది విన్నాక కూడా చిన్నమాస్టారి గుండె మామూలుగానే కొట్టుకుంది. పెట్టెకి తెచ్చిన నల్లరేకు పాడైంది పాడవగా ఇంక ఒక్క ముక్కే మిగిలింది, ఈసారి కొలత తప్పితే అంతే సంగతులు.

శనివారం పొద్దున నోటుబుక్కు తిరగేస్తుంటే ఒక పేజీ మూల గ్రీజు వేలిముద్ర కనపడింది. మామూలు ముద్ర కాదు. వెడల్పుగా, బిళ్ళలా ఉంది.

ముప్పై ఏళ్ళ కిందట, ఇదే షెడ్డులో, అన్న ప్రెస్సు కింద రేకు సర్దుతున్నాడు. తమ్ముడు రోడ్డు మీద ఎవరితోనో పరాచికాలాడుతూ, చూడకుండా పెడల్ తొక్కేశాడు. అన్న ఎడమచేతి చూపుడువేలి కొస రేకులా అణిగిపోయింది. కట్టు విప్పిన రోజు ఆయన ఆ వేలెత్తి చూపించి, దేవుడివ్వని స్కేలు నువ్విచ్చావురా అని నవ్వాడు. తమ్ముడికి నవ్వు రాలేదు. ఆనాటి నుంచి అన్న ఎడమచేతి వైపు చూడటమే మానేశాడు. పక్కపక్కనే ముప్పై ఏళ్ళు పనిచేసి, అన్న ఏ వేలితో కొలుస్తున్నాడో తెలియని తమ్ముడు ఇతనొక్కడే అయ్యుంటాడు.

నోటుబుక్కులో ఒక వేలంటే ఆ అణిగిన వేలేనని ఇప్పుడు తెలిసింది. తెలిసి మాత్రం ఏం లాభం? ఆ వేలు ఇప్పుడు లేదు. షెడ్డులో చేసిన సరుకేదీ షెడ్డులో ఉండదు. అన్న కొలిచి బిగించిన పని మిగిలున్న చోటు ఒక్కటే, వదిన వంటింట్లో రేకు అలమర. చిన్నమాస్టారు సన్న కొలతలు తీసే వెర్నియర్ జేబులో వేసుకుని చాలాసేపు షెడ్డు గుమ్మంలో నిలబడి, చివరికి బయల్దేరాడు.

వదిన తలుపు తీసి పక్కకి తప్పుకుంది. అతను నేరుగా వంటింట్లోకి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. సొరుగుల కింద సందులు ఒక్కొక్కటే కొలిచాడు. తొమ్మిది మిల్లీమీటర్లు. తొమ్మిది. మళ్ళీ తొమ్మిది. తన వేలు పెట్టి చూశాడు, గోరు దాటి దూరలేదు.

"ఏం కొలుస్తున్నావు చిన్నబ్బాయ్?" అంది వదిన.

"అన్నయ్య వేలు" అన్నాడు.

ఆవిడ ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది. "మంచి వేళ్ళు తొమ్మిదుండగా దాంతోనే ఎందుకు కొలుస్తారని నేనూ ఒకసారి అడిగాను. వాడు నా చేతి వైపు చూడ్డం లేదే, ఈ వేలితో చేసిన పనైనా చూస్తాడు కదా, అన్నారు."

చిన్నమాస్టారు వెర్నియర్ మూసి జేబులో వేసుకున్నాడు. ఇప్పుడైనా ఏడుపు వస్తుందేమోనని చూశాడు. రాలేదు. ఇంక దాచి లాభం లేదనిపించింది.

"వదినా, నాకు ఏడుపు రావడం లేదు. మూడు నెలలైంది. అందుకే రాలేదు ఇక్కడికి."

"నాకూ రావడం లేదు" అంది ఆవిడ. "ఎవరైనా పలకరించడానికొస్తే మొహం అటు తిప్పుకుంటున్నాను. ఏడుస్తున్నాననుకుని వెళ్ళిపోతున్నారు. నీ ముందు తిప్పుకుంటే పట్టేస్తావేమోనని భయపడ్డాను."

ఆదివారం ఇద్దరూ షెడ్డుకి వెళ్ళారు. ఆవిడ రేకు కదలకుండా పట్టుకుంది, అతను తొమ్మిది దగ్గర గీత గీసి కోశాడు. సాయంత్రానికి బిగించడం అయింది. బటన్ వదినే నొక్కింది. తలుపులు జరిగాయి, మూత లేచింది, పలక వచ్చింది. మళ్ళీ నొక్కితే పలక వెనక్కి వెళ్ళింది, మూత దిగింది, తలుపులు కలిశాయి. ఎక్కడా గీత లేదు. ఇద్దరూ పొడికళ్ళతో చూస్తూ నిలబడ్డారు.

"ఇంకోసారి" అంది వదిన.

ఆవిడ నొక్కింది. చిన్నమాస్టారు ఈసారి వంగి, లేచిన మూత కింద ఉన్న అన్న వేలంత సందు దగ్గరికి మొహం పెట్టి, మోటారు ఆగిపోయాక కూడా దాన్నే చూస్తూ ఉండిపోయాడు.