మొదటి పోగు

యుద్ధం రోజుల్లో చిత్తూరు నుంచి బొగ్గుతో నడిచే బస్సులో ఊరికి వస్తున్నాను. పందుల్ని పట్టే వలల మూటతో ఎదుట కూర్చున్న ముసలాయన, "కండ్లు అట్లా ఎర్రగుండాయేమ్మా?" అని అడిగాడు.

"మా ఆయన పట్టాళంలో ఉండాడు. అడివిపందులు సెనక్కాయ సేనంతా తవ్వేస్తుండాయి. రాత్రంతా మంచె మీద నేనే కాస్తుండాను."

ఆయన తన ఊరికి పోకుండా నాతోపాటే దిగాడు. మా ఊరి మగవాళ్లను కూడగట్టి, వలలు కట్టి, మర్నాడు రెండు పందుల్ని పడగొట్టాడు.

వేటకు మగాడు వచ్చిన ఇంటికే మాంసం పోగు వేయడం మా వైపు ఆచారం. ఆయన మొదటి పోగు నాకు పెట్టాడు.

"ఆ ఇంటినించి ఎవురూ రాలేదే!" అన్నారు మా ఊరివాళ్లు.

"ఇన్నాళ్లూ పందుల్ని తోలింది ఎవురప్పా?" అన్నాడాయన.

నేను దండం పెట్టేలోపే బస్సెక్కేశాడు. మా ఆయన పట్టాళం నుంచి తిరిగొచ్చాక కూడా, వేట జరిగిన ప్రతిసారీ మా ఇంటి పోగుకు నా పేరే పిలిచేవాళ్లు.