బోణీ రావుగారు

విశ్వేశ్వరరావుగారికి సున్నా కనిపిస్తే ముద్ద దిగదు. కిటకిటలాడే హోటల్ పక్కనే ఈగలు తోలుకునే హోటల్ ఉంటే ఆయన రెండోదాంట్లోకే దూరతారు. కొండాపూర్‌లో కొత్త సెలూన్ తెరిస్తే మొదటి కుర్చీ ఆయనదే. నెత్తిన కత్తిరించడానికి ఏముందని అడక్కండి. సెలూన్ అతనూ అడగలేదు, పాపం, గాలిలోనే కత్తెర ఆడించి పంపాడు. హైటెక్ సిటీ పక్కన ఆయన పనిచేసే ఆఫీసులో అందరికీ ఆయన బోణీ రావుగారే.

తొంభై తొమ్మిదిలో, మూసాపేటలో కంప్యూటర్ సెంటర్ పెట్టిన నాగమణికి ఆయనా, జూనియర్ దేవిశ్రీ కలిసి వెబ్‌సైటు చేసిచ్చారు. ఎంతమంది చూశారో చెప్పే అంకె పేజీ అడుగున ఉండేది. కరెంటు పోయి ఆఫీసులో సర్వర్ మళ్లీ లేచినప్పుడల్లా అది సున్నా అయి కూర్చునేది. సరిగ్గా అప్పుడే నాగమణి అత్తగారు లక్ష్మమ్మ చూసింది. "ఒక్కడన్న రాకపాయె. ఇగ సెంటర్ బంద్ జేసి ఇంట్ల కూసో" అందట. ఆదివారం మళ్లీ చూస్తానని గడువూ పెట్టింది.

ఆ కబురు విన్నాక రావుగారి టిఫిన్ డబ్బా మూత తెరుచుకోలేదు. వెయ్యి నుంచి మొదలెడదాం, ఎవరికి తెలుస్తుందని దేవిశ్రీ సలహా ఇచ్చింది.

"దొంగ లెక్క మనకెందుకండి" అన్నారాయన.

అంకె మెమరీలో ఉంటే కరెంటుతో పాటే పోతుంది. అందుకని ఎవరు పేజీ తెరిచినా డిస్కు మీది ఫైల్లోంచి అంకె చదివి, ఒకటి కలిపి, మళ్లీ అందులోనే రాసేలా ప్రోగ్రాం మార్చారు. పరీక్షకని సర్వర్ ప్లగ్గు తనే పీకారు. మేనేజరు లబోదిబోమన్నాడు గానీ అంకె చెక్కుచెదరలేదు.

ఆదివారం, పరీక్షకు పడ్డ అంకెలు చెరిపి ఫైల్లో మళ్లీ సున్నా పెట్టి, ఇద్దరూ మూసాపేట వెళ్లారు. తెర మీది సున్నాను అరచేత్తో కప్పేసి, బోణీ మీ చేత్తోనే కావాలని లక్ష్మమ్మ చేతికి మౌస్ ఇచ్చారు రావుగారు. ఆమె నొక్కింది. ఒకటి పడింది. ఆఫీసుకు ఫోన్ చేసి సర్వర్ ఆపించి, మళ్లీ వేయించి, మళ్లీ నొక్కించారు. రెండు.

"నా ఒకటి యాడికి పోలే" అని లక్ష్మమ్మ మురిసిపోయింది. తర్వాత దేవిశ్రీ వైపు తిరిగి, "ఈ సార్ మా కోడలి సెంటర్ల మొట్టమొదలు చేరిండు బిడ్డా. మౌస్ పట్టుడు నేర్పింది మా నాగమణే. గిప్పుడు చూడు, ఎంత పనిమంతుడైండో" అంది.

దేవిశ్రీకి తాగుతున్న టీ పొలమారింది. పదిహేనేళ్లుగా ప్రోగ్రాములు రాస్తున్న మనిషి మౌస్ పట్టడం నేర్చుకున్నారట! నాగమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రావుగారు మాత్రం బట్టతల వినయంగా వంచి, అంతా మేడం గారి చలవేనన్నారు.

"సెంటర్ ఉంటే మిగతాది కూడా నేర్చుకుంటానండి."

"ఉంటది సారూ, ఎందుకుండదు" అంది లక్ష్మమ్మ. "మీరు జర టైముకు రాండ్రి."