టైపిస్టు పెద్దమ్మ రాయించిన జవాబు

మా వీధివారు టైపిస్టు పెద్దమ్మ అని పిలిచే ఆమె ముప్పైరెండేళ్లు ఒక కార్యాలయంలో ఇంగ్లీషు ఉత్తరాలు టైపు చేసి పదవీ విరమణ పొందారు. సాయంత్రాలు పిల్లలకు ఇంగ్లీషు హోంవర్కు చెప్పేవారు. వారిలో దర్జీ కూతురు ఇంగ్లీషులో రెండుసార్లు తప్పింది. మూడోసారీ తప్పితే చదువు మాన్పించి మిషను ముందు కూర్చోబెడతానని తండ్రి తేల్చి చెప్పాడు.

ఒక వారం పాఠంలో, సముద్రంలోకి వెళ్లిన భర్త కోసం ఒక స్త్రీ ఒడ్డున ఎదురుచూసే కవిత వచ్చింది. పెద్దమ్మ తమ ఆఫీసు అలవాటు చొప్పున దర్జీ కూతురిచేత జవాబు రాయించారు: “విషయం: భర్త తిరిగి రాకపోవుట. ప్రస్తుత స్థితి: పెండింగు. తదుపరి చర్య: అవసరం లేదు.” ఉపాధ్యాయురాలు సున్నా వేసి పంపారు.

“పెద్దమ్మా, ఆవిడ ఏడుపంతా ఫైల్లో పెట్టి తాడు కట్టేశావు,” అంది పిల్ల.

పెద్దమ్మ ఆ జవాబును మళ్లీ చదువుకున్నారు. “నిజమేనే తల్లీ. ఉత్తరం చదివి నీకేమనిపించిందని నన్నెవరూ అడగలేదు. నీకేమనిపించిందో తెలుగులో చెప్పు.”

“ఆయన రాడని ఆవిడకు తెలుసు. ఇంటికెళితే ఒప్పుకున్నట్టవుతుందని అక్కడే నిలబడింది.”

పెద్దమ్మ కావలసిన ఇంగ్లీషు మాటలు మాత్రం అందించారు. వాక్యాలు పిల్లే కూర్చుకుంది. ఆపై ప్రతి కవితకూ అదే పద్ధతి నడిచింది. పరీక్షలో పిల్ల నలభై ఒక్క మార్కులతో గట్టెక్కింది. దర్జీ ఆ మార్కుల కాగితం చూసి, కూతురికని అనుకున్న కాజాలు కుట్టే పనికి వేరే మనిషిని పెట్టుకున్నాడు.