నాలుగు నిమిషాల ముందు

పొలాల్లో మోటార్లకు త్రీఫేజు కరెంటు ఇచ్చే వేళకి తిరువూరులో మా ఇంటి రేడియో బరబరమంటుంది. పాట మధ్యలోనే ఆ చప్పుడు మొదలవుతుంది. కట్టేయమని ఇంట్లోవాళ్ళు విసుక్కుంటారు. నేను మాత్రం గోడ గడియారం వైపు చూస్తాను.

అది దేవదానం సారు నేర్పిన అలవాటు. నక్షత్రాల నుంచి వచ్చే రేడియో తరంగాలను వినొచ్చంటే మన దేశంలో చాలామంది నవ్విన రోజుల్లోనే, వెదురు గడలకు తీగలు కట్టి విన్న మనిషి ఆయన. ఎక్కడెక్కడో పెద్ద కేంద్రాలు నిలబెట్టి, రిటైరయ్యాక సొంతూరొచ్చి, రెడ్డిగూడెం వైపు ఒక మామిడితోట పక్కన ప్రభుత్వమిచ్చిన కొద్దిపాటి డబ్బుతో మళ్ళీ తీగలు కట్టారు. ఆయన ఆఖరి శిష్యురాలిని నేను. ఆయన నోట ఒక్క పొగడ్త వినాలంటే తపస్సు చేయాల్సిందే.

ఆ కేంద్రాన్ని ఉంచాలో ఎత్తేయాలో తేల్చడానికి ఇంకో రెండు రోజుల్లో పైఅధికారులు వస్తారనగా, ఒక పొద్దున, తీగలకు అందిన తరంగాల్ని చూపే తెర మీది గీత ఉన్నట్టుండి పైకి లేచింది. అంతకుముందు ఎవరూ ఏమీ వినని దిక్కు నుంచి! నేను ఎగిరి గంతేశాను.

"సార్, పైవాళ్ళకి ఫోన్ చేసి చెప్పేద్దామండీ!"

"ఆగమ్మా. ఏ నక్షత్రమైనా రోజుకి నాలుగు నిమిషాలు ముందే పొడుస్తుంది. ఇది నక్షత్రమైతే రేపు అంత ముందొస్తుంది. ఆకాశం మన గడియారం చూసుకోదు. సరిగ్గా ఇదే టైముకొచ్చిందంటే అది మనుషుల పనే."

"ఎల్లుండే వాళ్ళొస్తున్నారు కదండీ..."

"నాకు మాత్రం భయం లేదనుకున్నావా?" అన్నారు. టీ గ్లాసు పక్కన పెట్టి ఆ టైము పుస్తకంలో రాసుకున్నారు.

మర్నాడు ఇద్దరం ముందే వెళ్ళి కూర్చున్నాం. నక్షత్రమైతే రావలసిన వేళ వచ్చింది, గీత కదల్లేదు. ఒక్కో నిమిషం జరుగుతుంటే, ఇలాంటివాటిలో మొక్కులు పనిచేయవని తెలిసి కూడా దేవుడికి మొక్కుకున్నాను. సరిగ్గా నిన్నటి టైముకి పక్కతోటలో మోటారు బుర్రుమంది, మా గీత లేచింది. ఆ వారమే పొలాలకిచ్చే కరెంటు వేళలు మార్చారట.

"ఫోన్ చెయ్యమ్మా. ఏమీ దొరకలేదని చెప్పు," అన్నారు సారు.

కేంద్రం ఎత్తేశారు. ఆ ఒక్కరోజు ఆగకపోతే ఏం పోయేదని ఆయన మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. తీగలు చుట్టబెడుతూ ఆయనే అన్నారు: "ఏమోలే, అయితే అవుతుందేమో అనుకుంటూ ఆ ఒక్కరోజూ భలే గడిచిందమ్మా."

ఆయన పోయి ఏళ్ళయింది. మంచి వార్త ఏదొచ్చినా నాకు ముందు భయమే పుడుతుంది. ఉద్యోగంలోనైనా, ఆసుపత్రి రిపోర్టు చేతికొచ్చినా, మర్నాడు మళ్ళీ చూసుకున్నాకే నవ్వుతాను. ఈ పొద్దున రేడియో బరబరమంటే గడియారం చూశాను. నిన్నటి టైమే.

"మనది కాదండీ సార్, రైతుదే," అన్నాను పైకే.

రేపు కూడా ముందే వెళ్ళి రేడియో దగ్గర కూర్చుంటాను.