సమాధి చుట్టూ వ్యాన్ దీపాలు

మండపేట దగ్గర క్రైస్తవులు తమవారి సమాధులపై దీపాలు పెట్టే పండుగ సాయంత్రమది. భర్త సమాధి దగ్గర ఒకావిడ వెలిగించిన కొవ్వొత్తులన్నీ గాలికి ఆరిపోతున్నాయి. నేను ఇల్లులా మార్చుకున్న నా వ్యాన్‌ను పక్కనే ఆపి, బ్యాటరీ నుంచి వైరు లాగి, లోపలి ఎల్‌ఈడీ దీపాల పట్టీని సమాధి చుట్టూ పరిచాను.

"ఆయనకి చీకటంటే పడేది కాదండి," అన్నారావిడ. "మీవాళ్ళెవరైనా ఇక్కడున్నారా అండి?"

"లేదండి. నా భార్యతో ఊళ్ళు తిరగాలనే ఈ వ్యాన్ కొన్నాను. ఆమె పోయింది. అస్థికలు గోదావరిలో కలిపేశాం. వెళ్ళి కూర్చోడానికి ఒక చోటంటూ లేదు."

ఆవిడ చాప మీద పక్కకు జరిగారు. "ఇక్కడ కూర్చోండి. పేరేంటండి ఆవిడది?"

"సుజాత."

ప్రార్థనలో భర్త పేరు వెంటే సుజాత పేరు కూడా పలికారు. నాకు అక్కడి నుంచి లేవాలనిపించలేదు.